ఒడ్డు వెంట తొమ్మిది రోజులు

బయలుదేరిన సాయంత్రం

హైదరాబాదులో పుట్టి పెరిగిన మాలాంటి వాళ్ళకు చేప అంటే కొర్రమీను, అది దొరక్కపోతే బొచ్చె. మా ఇల్లు రాంనగర్ చేపల మార్కెట్టుకు రెండు వీధుల అవతల ఉంటుంది. మృగశిర కార్తె నాడు ఆ మార్కెట్టులో ఒకరినొకరు తోసుకుంటూ మేము కొనుక్కొచ్చేవన్నీ చెరువు చేపలే. మంచుపెట్టెల్లో వచ్చే సముద్రపు చేపను మా అమ్మ ఏనాడూ నమ్మలేదు. చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. నలభై ఆరేళ్ళ వయసులో, తోడెవరూ లేకుండా, సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళు పట్టుకొని తొమ్మిది రోజులు తిరిగివస్తానని చెబితే అమ్మ అడిగిన మొదటి మాట, "ఒక్కదానివే పోతవా?" అని. ఆ తరువాత నేను దిగిన ప్రతి ఊళ్ళోనూ అదే ప్రశ్న వేరువేరు యాసల్లో ఎదురైంది.

గోవాకో గోకర్ణానికో వెళ్ళమని ప్రెస్సులో కుర్రవాళ్ళు సలహా ఇచ్చారు. సముద్రాన్ని చూడడం ఒక పూటలో అయిపోతుంది, మిగిలిన కాలమంతా మనుషులతోనే గడపాలి గనుక నేను భాష తెలిసిన ఒడ్డునే ఎంచుకున్నాను: భీమిలి నుంచి కళింగపట్నం, బారువల మీదుగా ఇచ్ఛాపురం దాటి గోపాలపూర్, అక్కడి నుంచి పూరీ. ఇచ్ఛాపురం దాటాక తెలుగు ఆగిపోతుందని, ఆ పైన మా హైదరాబాదు హిందీతో నెట్టుకురావచ్చునని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పింది.

ఫిబ్రవరి రెండో వారంలో నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 1974 ఫిబ్రవరి 1న మొదలైన ఈ బండి నాకంటే అయిదేళ్ళు పెద్దది. పై బెర్తు దొరికింది, నిద్ర దొరకలేదు.

మొదటి రోజు: భీమిలి

విశాఖపట్నంలో ఆగలేదు. స్టేషను బయట ఇడ్లీ తిని, బీచి రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే సిటీ బస్సులో సముద్రం కనిపించేలా కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాను. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటిపోయాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న భీమునిపట్నంలో పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వర్తక స్థావరం పెట్టుకున్నారు; వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఆ ఊరు ఇప్పుడు విశాఖ మహానగరంలో ఒక భాగం. సమాధుల మీద చెక్కిన అక్షరాలను వృత్తిరీత్యా కాసేపు చూశాను గాని, తప్పులు పట్టడానికి నాకు డచ్చి రాదు గనుక త్వరగానే బయటికి వచ్చేశాను.

నది ముఖం దగ్గర పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. "ఏటమ్మా, కొంటావా, సూసి ఎలిపోతావా?" అని చేపల గంప వెనక కూర్చున్న ఒకామె అడిగింది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. వండుకునే చోటు లేదని చెప్పాను. "అయితే నేర్సుకుని ఎల్లు" అని ఒక కానాగంతను నా చేతిలో పెట్టింది. అరచేతికి కొంచెం పొడుగ్గా, వీపు మీద ఆకుపచ్చ, నీలం కలిసిన చారలతో, చల్లగా ఉంది. నా బొటనవేలు పట్టుకొని దాని చెంప ఎత్తించి లోపలి మొప్ప చూపించింది. నెత్తుటి ఎరుపు ఉంటే ఇవాళ్టిది, ఇటుక రంగుకు తిరిగితే నిన్నటిది, బూడిద రంగుకు వస్తే "మీ అయిద్రాబాదు ఎల్లేది". కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, గుంట పడకూడదు. పొట్ట మీద వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే పూడిపోవాలి. మా అమ్మ అపనమ్మకానికి ఇన్నాళ్ళకు శాస్త్రం దొరికింది.

తరువాత రావలసిన ప్రశ్న వచ్చింది. ఒక్కదాన్నే వచ్చానని చెప్పాను. మొగుడేడీ అంది. పెళ్ళి చేసుకోలేదన్నాను. ఆమె చేతిలోని కత్తిని ఆపి నన్ను ఎగాదిగా చూసి, "మంచి పని సేసావు" అని మళ్ళీ చేపల పొలుసు గీకడంలో పడింది. ఆ సాయంత్రానికి నేను ఆమెకు చెల్లెలినయ్యాను.

ఆమె ఏ సంగతినీ సంవత్సరం పెట్టి చెప్పదు. "హుద్‌హుద్ నాటికి మా మనవడు సంకలో గుంటడు" అంటుంది. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ లెక్క నేను వేసుకోవాలి. అలాగే కోడలు కాపురానికి వచ్చింది హుద్‌హుద్‌కు ముందు, కొత్త పడవ కొన్నది హుద్‌హుద్ తరువాత.

రెండో రోజు: భీమిలి

తెల్లవారి ఆరు గంటలకు ఆమె వెంట ఒడ్డుకు వెళ్ళేసరికి అలివి వల వేసి ఉంది. ఈ వల తాడు ఒక కొసను ఒడ్డునే కొందరికి అప్పగించి, పడవ మీద వలను లోపలికి తీసుకుపోయి, నీళ్ళలో అర్ధచంద్రాకారంగా వదులుతూ వచ్చి రెండో కొసను కొంత దూరంలో మళ్ళీ ఒడ్డుకు చేరుస్తారు. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్ళనూ లాగుతూ, లాగిన కొద్దీ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. వల నడుమ ఉన్న సంచిలాంటి భాగంలోకి చేపలు చేరతాయి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బడికి వెళ్ళవలసిన పిల్లలు కూడా తాడు పట్టుకున్నారు. ఖాళీగా నిలబడడం నాకు నచ్చక నేనూ ఒక చేయి వేశాను.

నా వెనక నిలబడిన ముసలాయన కొంతసేపు చూసి, చేతులతో లాగితే తోలు ఊడుతుందని, మడమలు ఇసుకలో దిగేసి ఒంటి బరువుతో వెనక్కి వాలాలని చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. గంటకు పైగా లాగాక సంచి ఒడ్డుకు చేరినప్పుడు నా రెండు అరచేతుల్లోనూ బొబ్బలు ఉన్నాయి. పడింది కూడా గొప్పగా ఏమీ లేదు: నెత్తళ్ళు, కొన్ని కవళ్ళు, ఒక జెల్లీ చేపల కుప్ప. అయినా పంపకం పద్ధతిగానే జరిగింది. వల యజమానికి ఇంత, పడవకు ఇంత, తాడు పట్టినవాళ్ళకు ఇంత అని కుప్పలు పోస్తున్నాయన నా దగ్గరికి వచ్చి, చున్నీ పట్టమని, ఒక దోసెడు నెత్తళ్ళు అందులో పోశాడు. నేను వద్దన్నాను. తాడు పట్టినవాళ్ళకు వాటా ఇవ్వకపోతే గంగమ్మ ఊరుకోదని ఆయన విసుక్కున్నాడు. ఇరవై మూడేళ్ళుగా నెలజీతం తీసుకుంటున్నదాన్ని. ఆ చున్నీ బరువు చూసుకున్నంతగా ఏ జీతాన్నీ చూసుకోలేదు.

ఆ నెత్తళ్ళను అక్క తన ఇంట్లో ఉప్పూ కారం పట్టించి వేయించింది. తల తీయనక్కరలేదట, ముల్లు తీయనక్కరలేదట. తింటూ ఉండగా నా దారి ఏమిటని అడిగి, బారువ అనగానే ఫోను అందుకుంది. ఆమె ఆడపడుచును ఆ ఊరే ఇచ్చారు. "లాడ్జీకి డబ్బులెందుకు? అక్కడ మనోళ్ళు ఉన్నారు" అంది. మనోళ్ళు అనే మాటలో నన్ను ఎప్పుడు కలుపుకుందో నేను గమనించలేదు.

మూడో రోజు: కళింగపట్నం

తగరపువలస నుంచి శ్రీకాకుళానికి, అక్కడి నుంచి కళింగపట్నానికి బస్సులు మారుతూ వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసే చోటు విశాలంగా, నిశ్శబ్దంగా ఉంది. ఒకనాటి రేవులో ఇప్పుడు దీపస్తంభం మిగిలింది. దగ్గరలోనే ఉన్న శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల శిథిలాలు చూశాను. ఆ రోజు ఎవరితోనూ మాట కలవలేదు. నేనూ పెద్దగా ప్రయత్నించలేదు. రాత్రికి శ్రీకాకుళం తిరిగివచ్చి బొబ్బలకు పసుపు రాసుకొని పడుకున్నాను.

నాలుగో రోజు: బారువ

టెక్కలి, పలాస దాటి సోంపేటలో దిగి ఆటోలో బారువ చేరాను. గుమ్మంలోనే ఒక అమ్మాయి "అప్పా, వచ్చీసేవా!" అని పలకరిస్తే వెనక మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. మా వీధిలో తమిళుల పిల్లలు నాన్నను అప్పా అంటారు; ఈ వైపున అప్ప అంటే అక్క. ఆ అమ్మాయికి నెల లోపల పెళ్ళి. ఇంట్లో సున్నాలు వేస్తున్నారు, పెట్టెలు దించుతున్నారు, ఆ హడావిడిలో నాకు ఒక మంచం ఖాళీ చేసి పెట్టారు. "ఒక్కదానివే వచ్చేవా?" అని అడిగారు గాని, జవాబు భీమిలి నుంచి ఫోనులో ముందే వచ్చినట్టుంది, ఎక్కువసేపు ఆగలేదు.

సాయంత్రం ఇంటి పెద్దాయనతో ఒడ్డుకు వెళ్ళాను. అందరూ ఆయన్ను తాత అంటారు గనుక నేనూ తాత అన్నాను. మహేంద్రగిరిలో పుట్టిన మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డుకు కొంత లోపల చిల్కా అనే ఆవిరి ఓడ వందేళ్ళకు పైగా మునిగి ఉందని, దాని చుట్టూ చేప బాగా నిలుస్తుందని తాత చెప్పాడు. నీళ్ళ మీద గుర్తేమీ లేకుండా ఆ చోటు ఎలా పట్టేవారని అడిగాను. ఒడ్డు మీద రెండు వస్తువులను ఒకే గీతలోకి తెచ్చుకోవాలట: వెనక కొండ కొమ్ము, ముందు గుడి శిఖరం. పక్కకు చూస్తే మరో రెండు: ఒక తాటితోపు, దాని వెనక ఇంకో కొండ. రెండు గీతలూ కలిసిన చోట వల వేయాలి. ఇప్పుడు కుర్రాళ్ళు సెల్‌ఫోనులో చూసుకుంటున్నారని, తాటితోపు ఎలాగూ లేదని అన్నాడు.

తోపు ఏమైందో నేను అడగకుండానే చెప్పాడు. వేట మానేశాక ఆయనకు ఇంటి వెనక ఇరవై కొబ్బరి చెట్లే ఆధారం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడితోటలను ఒక్క రాత్రిలో పడుకోబెట్టింది. ఆయన ఇరవైలో మూడు మిగిలాయి. కొబ్బరి కాపుకు రావడానికి అయిదారేళ్ళు పడుతుంది గనుక అప్పుడు నాటినవి ఈ మధ్యనే కాయడం మొదలుపెట్టాయి.

"తాతా, తిత్లీ అంటే ఏమిటో తెలుసా?" అన్నాను. తెలియదన్నాడు. మా హైదరాబాదులో ఉర్దూ చెవిన పడకుండా ఎవరూ పెరగరు. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని, ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చిందని, ఈ సముద్రం చుట్టూ, అవతల అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు వంతులవారీగా తుపానులకు పేర్లు ఇస్తాయని, హుద్‌హుద్ కూడా తల మీద కుచ్చు ఉండే ఒక పిట్ట పేరేనని చెప్పాను. తాత చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "సీతాకోకసిలకా నా సెట్లు పడగొట్టింది?" అని నవ్వడం మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్ళేదాకా దారిలో కనిపించిన ప్రతివాళ్ళనూ ఆపి అదే చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వకుండా, ఏ పేరైతేనేం, దసరా నెల వస్తే తనకు అన్నం సహించదంది.

అయిదో రోజు: బారువ

పొద్దున ఒడ్డున ఒక చచ్చిన తాబేలు కనిపించింది. ఆలివ్ రిడ్లీ జాతిది. తాబేలు ఊపిరి పీల్చడానికి పైకి రావాలి. మరపడవల పెద్ద వలల్లో చిక్కుకుంటే పైకి రాలేక నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. తాత దాని మీద ఇసుక కప్పి దండం పెట్టాడు.

ఇంటి కొళాయిలో నీళ్ళు హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వస్తాయని గర్వంగా చూపించారు. ఉద్దానంలో నీళ్ళ గురించి మాట వస్తే మూత్రపిండాల జబ్బు గురించి మాట రాక తప్పదు. కారణం ఇదీ అని గట్టిగా తేలని ఆ జబ్బుతో మంచం పట్టినవాళ్ళు లేని వీధి లేదని, పెళ్ళికూతురి తండ్రి కూడా అలాగే పోయాడని ఆమె తల్లి చెప్పింది. ఆ తరువాత ఎవరూ కాసేపు మాట్లాడలేదు, నేను కూడా.

మధ్యాహ్నం శుభలేఖల కట్టలు విప్పారు. నా ఉద్యోగం తెలిసిపోయింది గనుక కవర్ల మీద పేర్లు రాసే పని నాకు అప్పగించి, పెళ్ళికూతురు నాలుగు మూలలా పసుపు అద్దుతూ పక్కన కూర్చుంది. మొదటి కార్డు తీయగానే నా కన్ను దాని మీదికే వెళ్ళింది: "సుముహూర్తం" ఉండవలసిన చోట "సుమూహుర్తం" అని పడింది. రెండు వందల కార్డులు. నా చేతిలో పెన్ను ఉంది. ఇరవై మూడేళ్ళలో ఒక తప్పును చూసి వదిలేయడం అదే మొదటిసారి. కార్డు ఎంత బాగుందని మాత్రం అన్నాను. బాగుంది కూడా.

రాత్రి తాత రెండు కవర్లు నా చేతిలో పెట్టాడు. ఆయన తోడబుట్టిన చెల్లెలు పూరీలో ఉందట. "ఫోనులో సెప్పీసినాం, ఆళ్ళు టికెట్లు కూడా తీసీసినారు. అయినా పసుపు రాసిన కార్డు సేతికి అందాల. నువ్వెలాగూ ఎల్తన్నావు గదా." పోస్టులో పంపరా అని అడగబోయి ఆగాను. ప్రయాణం మొదలుపెట్టాక నాకంటూ ఒక పని దొరకడం అదే మొదలు.

ఆరో రోజు: బరంపురం, గోపాలపూర్

సోంపేటలో రైలెక్కి, ఇచ్ఛాపురం దాటి బరంపురంలో దిగాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇంత తెలిసినదాన్ని తెలుగు ఇచ్ఛాపురంలో ఆగిపోతుందని ఎలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గు వేస్తుంది.

గోపాలపూర్ బరంపురానికి 16 కిలోమీటర్లు. ముందే మాట్లాడుకున్న ఒక లాడ్జీలో గుమాస్తా నా ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి, వెంట ఎవరూ లేరా అని హిందీలో అడిగి, ఒంటరి ఆడవాళ్ళకు గది ఇవ్వడం తమ పద్ధతి కాదన్నాడు. బుకింగు ఉంది కదా అంటే, ఫోనులో చెప్పినప్పుడు ఇద్దరు అనుకున్నామన్నాడు. నా వయసు చెప్పాను, ఉద్యోగం చెప్పాను. చెబుతున్నకొద్దీ నా మీద నాకే కోపం వచ్చింది, ఇవన్నీ అతనికి నేనెందుకు చెప్పుకోవాలని. సంచి ఎత్తుకొని బయటికి వచ్చి ఒక టీ బడ్డీ దగ్గర నిలబడి, "ఏం మనుషులో ఏందో, థూ" అని నాలో నేను తిట్టుకున్నాను.

"మనుసులు గాదమ్మా, ఆడొక్కడే అలగ" అని జవాబు వచ్చింది, తెలుగులో. టీ కాస్తున్న ఆవిడ. వెనక గోడ మీద రాతలన్నీ ఒడియా, రేడియోలో పాట ఒడియా, టీ తాగుతున్న ఇద్దరితో ఆవిడ అప్పటిదాకా మాట్లాడింది ఒడియా. ఆవిడ వాళ్ళు మూడు తరాలుగా ఇక్కడివాళ్ళే. ఈ ఒడ్డున వేటకు వెళ్ళేవాళ్ళను ఒడియావారు నోలియాలు అంటారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారని చెప్పింది. దుకాణాన్ని కొడుక్కు అప్పగించి, రెండు వీధుల అవతల ఒక ముసలి దంపతుల ఇంట్లో గది ఇప్పించింది. ఆ దంపతులు ఒడియావారు. ఆ పెద్దావిడ నన్ను చూసి అడిగిన ప్రశ్న భాష తెలియకపోయినా అర్థమైంది. నేను చూపుడువేలు ఒకటి ఎత్తి చూపించాను.

ఏడో రోజు: గోపాలపూర్

టీ బడ్డీ ఆవిడ తమ్ముడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చెక్క సూదితో ఒక్కొక్క కన్నూ అల్లుతూ, నన్ను చూడకుండానే మాట్లాడాడు. పనిలేక కాదు, పడవను లోపలికి తీసుకుపోనివ్వక. ఇక్కడికి పైన ఋషికుల్యా నది ముఖం దగ్గర ఇసుకలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం చుట్టూ 20 కిలోమీటర్ల మేర సముద్రంలో వేట నిషేధం. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతటా మరపడవలు ఆగిపోవాలి. "తాబేలు దేవుడే, కాదనను. దేవుడికి ఏడు నెలలు, మాకెన్ని?" అన్నాడు. నిన్న కాక మొన్న బారువలో ఆ తాబేలు మీద ఇసుక కప్పిన చేతులు గుర్తొచ్చి నేను ఏ పక్షమూ చెప్పలేకపోయాను.

అతని ముత్తాత మసూలా పడవ నడిపేవాడట. చెక్కలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవ అది. కెరటం కొట్టినప్పుడు విరగకుండా ఒంగుతుంది. గోపాలపూర్ రేవుగా ఉన్న రోజుల్లో ఓడలు దూరంగా నిలిచేవి, రంగూను పనులకు వెళ్ళేవాళ్ళను ఆ పడవల్లోనే ఓడల దాకా చేర్చేవారు. పాత రేవుకట్ట స్తంభాలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిలో ఎన్ని పోయాయో అతను పైలిన్‌తో లెక్క చెప్పాడు, 2013 అక్టోబరు 12. అప్పుడు నాకు వెలిగింది: పైలిన్, హుద్‌హుద్, తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే. దసరా నెలలో అన్నం సహించదన్న బారువ ఆవిడ కొంచెమైనా పెంచి చెప్పలేదు.

ఎనిమిదో రోజు: రైలు

బరంపురం నుంచి పూరీకి వెళ్ళే దారిలో రంభ దాటాక చాలాసేపు చిలికా సరస్సు పక్కనే రైలు పోతుంది. 1981లో మన దేశం నుంచి మొదటగా రామ్‌సార్ అనే అంతర్జాతీయ జాబితాకు ఎక్కిన చిత్తడి నేలల్లో ఇదొకటి. పక్షులను చూడవలసింది, కాని నిద్రపోయాను.

తొమ్మిదో రోజు: పూరీ

జగన్నాథుని దర్శనం తెల్లవారుజామునే చేసుకొని, కవర్లు తీసుకొని పెంటకోటకు వెళ్ళాను. ఒడియావారు పెంఠకటా అంటారు. విశాఖకు దక్షిణాన పాయకరావుపేట దగ్గర కూడా పెంటకోట అనే చేపల ఊరు ఉంది. ఆ పేరును వలతో పాటు పడవలో వేసుకొని వచ్చారేమో అనిపించింది. ఇరుకు సందులు, ఆరబెట్టిన చేపలు, గోడలకు ఆనించిన పడవ తెడ్లు. సందు మొదలు నుంచి చివరిదాకా తెలుగు. రథయాత్రకు వచ్చే లక్షల మందిలో ఎందరు ఈ సందుల దాకా వస్తారో తెలియదు. స్నానాలు చేసేవాళ్ళను సముద్రంలోకి చేయి పట్టుకొని తీసుకుపోయే, శంఖాకారపు టోపీల నోలియాలను మాత్రం చాలామంది చూసే ఉంటారు. వాళ్ళ ఇళ్ళు ఇక్కడే.

తాత చెల్లెలికి డెబ్బై దాటి ఉంటాయి. బారువ పేరు వినగానే నా రెండు చేతులూ పట్టుకొని వాసన చూసింది, పసుపు కోసమో అన్న కోసమో తెలియదు. కవరు విప్పి, నాలుగు మూలలూ తడిమి, కార్డును కళ్ళకు అద్దుకొని, మనవడికి ఇచ్చింది. తొమ్మిదో తరగతి చదివే ఆ కుర్రవాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో నేర్చింది ఒడియా; ఇంట్లో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. "మా అక్షరాలకి గొడుగు ఉంటది, మీవాటికి పిలక ఉంది మావుసీ" అని, అంకెలు మాత్రం చదివి, "రెండు గంటల పద్నాలుగు నిమిషాలు" అన్నాడు.

నన్ను చదవమన్నారు. గుమ్మం దగ్గరికి చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చారు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు నుంచి మొదలుపెట్టి, ముసలావిడకు వినబడేలా గట్టిగా, ప్రూఫులు చదివినట్టు ఒక్కో మాటా విడివిడిగా చదివాను. "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, 2 గంటల 14 నిమిషాలకు" అన్న చోటికి వచ్చేసరికి కొడుకు నన్ను ఆపాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

వాళ్ళకు ఫోనులో చేరిన మాట "గురువారం రెండు గంటల పద్నాలుగు". మధ్యాహ్నం అనుకొని, గురువారం పొద్దున సోంపేటలో దిగేలా ఆరు టికెట్లు తీసుకున్నారు. ఆ బండి దిగేసరికి తాళి కట్టి ఏడెనిమిది గంటలు అయ్యేది. కొడుకు మాట్లాడకుండా ఫోను తీసి టికెట్లు రద్దుచేయడం మొదలుపెట్టాడు. కోడలు మొగుడిని ఏదో అనబోయింది. ముసలావిడ మాత్రం నవ్వింది, "అన్న కూతురి పెళ్ళికీ ఇలాగే పొద్దెక్కినాక ఎల్లినాను" అని. "సుమూహుర్తం" దగ్గర నేను చదవడంలో దిద్దే చదివాను, ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం అక్కడే అన్నం పెట్టారు. చేపల పులుసులో చింతపండు శ్రీకాకుళానిది, పంచఫోడన్ పోపు ఒడియావారిది. 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫణి గురించి చెప్పారు. పాకలన్నీ ఎగిరిపోయాయి, ముందుగా అందరినీ ఖాళీ చేయించారు గనుక మనుషులు మిగిలారు. అక్టోబరు సంగతి నేను ఎత్తితే, ముసలావిడ తలూపి, ఆ నమ్మకం ఫణితోనే పోయిందంది: వేసవిలో వచ్చింది కదా. అంతకు ముందు ఎండాకాలంలోనైనా నిద్ర పట్టేదట.

సాయంత్రం కుర్రవాడి నోటుపుస్తకంలో అతని పేరు తెలుగులో రాసి ఇచ్చాను. కింద పది సార్లు దిద్దాడు. ఏడోసారికి పిలక సరిగా పడింది.

తిరిగి వచ్చాక

ఖుర్దా రోడ్డులో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ముసలావిడ కట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం వల్ల మా బోగీలో ఒకాయన విజయనగరం దాకా ముక్కుకు రుమాలు కట్టుకొని నా వైపు చూస్తూనే ఉన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అమ్మ పొట్లం విప్పి, వాసన చూసి, పక్కన పెట్టింది. మర్నాడు నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి సగం వేయించి ఉంది. ఆదివారం రాంనగర్ మార్కెట్టులో సముద్రపు చేపల వరుస ముందు ఆగి, ఒక కానాగంత చెంప ఎత్తి చూశాను. బూడిద రంగు. అమ్మేవాడు నా మొహం చూసి, ఏమీ అడగకుండానే ధర తగ్గించాడు. భీమిలి అక్కకు ఫోను చేసి చెబితే చాలాసేపు నవ్వింది. పెళ్ళికి ఎప్పుడు బయలుదేరుతున్నావని అడిగింది. పూరీ వాళ్ళు మంగళవారమే వచ్చేస్తున్నారట, తాత నా కోసం లేత కొబ్బరి బొండాలు దించకుండా ఆపించాడట.

సికింద్రాబాదు నుంచి పలాసకు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో మంగళవారానికి టికెట్ చూశాను. స్లీపర్‌లో వెయిటింగ్ లిస్టు 61. ఎంతమందికని సెల్‌ఫోను అడిగింది. ఒకరు అని నొక్కబోతుంటే, వెనక నుంచి అమ్మ, "ఇద్దరం అని రాయి" అంది.